పద్నాలుగో బొమ్మ

నార్వేకి ఉత్తరపు కొసన
ఈ నెలలో ఇది తొమ్మిదో ఊరు.
చేపల ఫ్యాక్టరీ భోజనాల గదిలో
బల్లలు గోడకి నెట్టి కుర్చీలు వేశారు.
కాడ్ చేప వాసన మాత్రం లేచి వెళ్ళలేదు,
దానికీ ఒక సీటు.

నా పేరు హాల్‌దిస్ అని చెప్తారు.
గ్రీన్‌లాండ్ మంచుని ఒంటరిగా దాటిన మనిషి అని చెప్తారు.
కాలివేళ్ళు ఏడే మిగిలాయని కూడా చెప్తారు,
అక్కడ జనం నా బూట్ల వైపు చూస్తారు.
ఎన్నేళ్ళయినా ఆ చూపు
తోలు దాటుకుని లోపలికొస్తుంది.

మొదటి బొమ్మ, తెలుపు.
రెండో బొమ్మ, తెలుపు.
ఇక్కడ నవ్వాలి, నవ్వుతారు.
ఆరో బొమ్మ దగ్గర గొంతు తగ్గిస్తాను.
పదకొండో బొమ్మకి మంచినీళ్ళు తాగుతాను,
దాహమేసి కాదు.
ఇరవయ్యేళ్ళుగా అదే తుఫాను,
అదే కుట్టు దగ్గర చిరిగే గుడారం.
పగ్గం వదిలేసినా నా నాలుక దారి ఎరుగును.

"కలని వదలకండి" అంటాను.
ఆ మాటకి రేటుంది,
రాకపోకల ఖర్చులు అదనం.
ఆ మాటే మా ఇంటికప్పు మార్చింది,
కూతురి పళ్ళకి తీగ కట్టించింది.
అబద్ధమేం కాదు.
ఉడికీ ఉడికీ రుచి పోయిన బంగాళదుంప, అంతే.

పద్నాలుగో బొమ్మలో
నేను స్లెడ్జి లాగుతుంటాను.
వంగిన వీపు, నడుముకి తాడు,
కింది మూలనుంచి మంచు మీదికి
ఒక పొడుగాటి నీడ.
"ఒక్కదాన్నే" అంటాను సరిగ్గా అక్కడ.
ఏ బ్యాంకులోనూ, ఏ కాలేజీలోనూ
ఎవరూ ఏమీ అనలేదు.

ఈవాళ ముందు వరసలో,
అమ్మ షిఫ్టు దిగేదాకా ఎక్కడుండాలో తెలీక
వచ్చి కూచున్న పిల్లాడు,
ఎనిమిదేళ్ళుంటాయేమో,
చెయ్యెత్తకుండానే అడిగాడు:
"మరి ఫోటో ఎవరు తీశారు?"

పక్కగదిలో ఫ్రీజరు మోటారు వినిపించింది.
ఇలాంటి చోట వాడే జోకొకటి ఉంది నా దగ్గర.
పెదాల దాకా వచ్చి
వాడి మొహం చూసి వెనక్కి పోయింది.

సిగ్వార్ట్ తీశాడు.
పంతొమ్మిదో రోజు పొద్దున వెనక్కి తిరిగాడు.
భయపడి కాదు...
కాదు, భయపడే.
దాన్ని భయమని పిలవగలిగినవాడు
మా ఇద్దర్లో అతనొక్కడే.
వెళ్ళే ముందు చేతితొడుగులు తీసి
తన కిరసనాయిల్లో సగం నా డబ్బాలో పోశాడు,
చంటిపిల్లకి మందు పోసినట్టు, చుక్క ఒలక్కుండా.
"నీది తెలీని దారి, నాది తెలిసిందేగా" అన్నాడు.
ముప్ఫైమూడో రోజు రాత్రి
నన్ను తెల్లారేదాకా ఉంచిన మంట
ఆ సగంలోది.

అతన్ని మాట్లాడమని ఎవరూ పిలవలేదు.
వెనక్కి తిరిగిన మనిషికి
చూపించడానికి బొమ్మలుండవు.
వార్డోలో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు,
ఎనిమిది వేళ్ళతో.
ఆ రెండూ ఎక్కడ పోయాయో
నేనెప్పుడూ లెక్క వేసుకోలేదు.

ఇదంతా పైకే అన్నానో
సగం లోపలే ఉండిపోయిందో గుర్తులేదు.
పిల్లాడు "ఓహో" అన్నాడు,
బిస్కెట్ల పళ్ళెం వైపు చూశాడు.
వెనకనుంచి వాళ్ళమ్మ "చాల్లే, ఊరుకో" అంది.
చప్పట్లు కొట్టారు,
ఎక్కువా కాదు, తక్కువా కాదు, వేరేగా.
మేనేజరు కవరిస్తూ
"వచ్చే ఏడాది ఇంకాస్త ఉత్సాహంగా" అన్నాడు.

రాత్రి ఫెర్రీలో కారు దిగలేదు.
అడుగున ఎక్కడో
ఒక వాల్వు తప్పుగా కొట్టుకుంటోంది,
అతనైతే చెవి ఆనించి చెప్పేవాడు ఏదో, ఎందుకో.
రేపు తొమ్మిదింటికి బీమా కంపెనీ.
లాప్‌టాప్ తెరిచి
ఎప్పుడో నేనే కత్తిరించిన కింది అంచుని
మెల్లగా వెనక్కి లాగాను.

మంచు పట్టిన రెండు బూటుకొనలు.
నీడకి కాళ్ళొచ్చాయి.