ఇతరం

విజయవాడ మీటింగు హాల్లో ఏసీ ఒణికించింది.
తెర మీద ఒక గీత
కంచె దూకే పందెపు గుర్రంలా పైకి, ఇంకా పైకి.
దేశంలో అశ్వ పరిశ్రమ, వృద్ధి, ఉపాధి…
సమోసా కాగితం మీద నేనూ రెండు అంకెలు రాసుకున్నాను.
నూనె మరక వాటిని సాయంత్రానికే తినేసింది.

మర్నాడు గుంటూరు. లాలాపేట వెనక సందు.
మిర్చి లారీ ఏ మలుపులో ఆగిందో గానీ
నేను తుమ్మాను.
రేకుల షెడ్డులోంచి గుర్రమూ తుమ్మింది.
పలకరింపులు అయిపోయాయి.

షేక్ కాలేషా జీను తుడుస్తున్నాడు.
తాత స్టేషను నుంచి అరండల్‌పేటకి జట్కా తోలాడు.
తండ్రి జట్కా అమ్మేసి గుర్రాన్ని ఉంచుకున్నాడు.
ఇతను పెళ్ళికొడుకుల్ని మోయిస్తాడు.
తెల్లది కాబట్టి పేరు ముత్యాలు,
తెల్లది కాబట్టే అద్దె రెండు వేలు ఎక్కువ.

ట్యాబ్ తెరిచాను.
గుర్రాలు ఎన్ని? ఒకటి.
ఉపయోగం? బరువు లాగుట, క్రీడలు, ఇతరం.
వేలు ఇతరం మీద పెట్టాను.
ఫారంలో లేకపోయినా అడిగాను: "ఆదాయం ఎంత?"
ఆ గీత ఇంకా నా కళ్ళలో దూకుతోంది మరి.

"నాదొక్కడిదే చెప్పాలా అమ్మా,
దీని మీద బతికేవాళ్ళందరిదీనా?"

ఉలవలు అప్పిచ్చే కొణతం రత్తయ్య.
నల్లపాడు చెరువు గట్టు నుంచి
తడి గడ్డి నెత్తిన మోసుకొచ్చే నాగరత్తం,
మోపు ముప్పై, వానలొస్తే నలభై.
లాడాలు కొట్టే ఇబ్రహీం తాత: చేతులు వణుకుతాయి గానీ
గిట్ట పట్టుకుంటే వణకవు.
జరీ గుడ్డ కుట్టే మిషను, బ్యాండువాళ్ళు,
దీపాల గొడుగులు మోసే తొమ్మిది మంది ఆడాళ్ళు.
గుర్రం లేని ఊరేగింపుకి వాళ్ళనెవరు పిలుస్తారు?
ఆఖరికి పేడ కూడా గులాబీ నర్సరీకి పోతుంది.

"మరి ఈ మాఘంలో ఎన్ని పెళ్ళిళ్ళు?"

కాలేషా జీను పక్కన పెట్టాడు.
"ఒక్కటీ లేదు. పదకొండు బయానాలు తిరిగిచ్చాను."

హైదరాబాదు పందేల్లో ఓడి ఓడి
కారుచవగ్గా అమ్ముడైన మగగుర్రమొకటి
పోయినేడు ఉండవల్లి దాకా వచ్చిందట.
ముత్యాలికిప్పుడు పదో నెల.
మనిషికి తొమ్మిది, దీనికి పదకొండు.

కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు.
ఇది నిలబడే తింటోంది,
అయినా బీబీజాన్ గాజులు కరిగాయి.
"వృద్ధి" అన్నాను, మీటింగు మాట నోట్లోంచి జారి.
"అవునమ్మా," అంది బీబీజాన్ లోపల్నుంచి,
"నూటికి మూడు. నెలకి."

ఆమే నా చెయ్యి లాక్కెళ్ళి
ఆ తెల్లటి పొట్ట మీద ఆనించింది.
వెచ్చగా ఉంది, ఏప్రిల్ గోడలా.
లోపల్నుంచి ఒక తన్ను,
ఇంకా లాడం తెలియని గిట్ట.

ట్యాబ్‌లో ఒకటిని ఒకటిన్నర చేయబోయాను.
ఎర్ర అక్షరాలు: పూర్ణాంకం మాత్రమే.
నేల మీద నిలబడ్డవాటికే లెక్క,
అదీ గడువు తేదీ లోపల.

బస్సులో, మంగళగిరి దగ్గర,
టికెట్టు వెనక ఆ పేర్లన్నీ రాసుకున్నాను,
రత్తయ్య, నాగరత్తం, తాత, గొడుగుల తొమ్మిది మంది.
చోటు చాలక నర్సరీని వదిలేశాను.
చొక్కా చేతికి ఒక తెల్ల వెంట్రుక అంటుకుని ఉంది.

వైశాఖంలో ఫోను మోగింది.
"ఆడపిల్ల! నుదుట నల్ల చుక్క. లేచి నిలబడిందమ్మా,
గంట కూడా కాలేదు.
ఇప్పుడు రాస్తారా?"

గడువు ముగిసి పదహారు రోజులైంది.
"ఏం పేరు పెట్టారు?" అన్నాను.