ఐస్‌క్రీం డబ్బాలో నేల

ఫ్రీజర్ తలుపు మీద
వంకర అక్షరాల చీటీ:
"నీలం మూత డబ్బా ముట్టుకోవద్దు.
తినేది కాదు. హారియాటా."

మే నెలలో కాన్పు.
తే పాయా ఆసుపత్రి నుంచి
ఒక చేత బిడ్డను, ఒక చేత మాయను
ఇంటికి తెచ్చుకుంది.
మాయను వాళ్ళు ఫెనువా అంటారు.
నేలనూ ఫెనువా అంటారు.
రెంటికీ రెండు మాటలు దండగని
ఏ పొదుపరి ముత్తవ్వ అనుకుందో.

నేలను నేలకు అప్పజెప్పాలి.
ఉత్త చేతులతో ఇచ్చేది కాదు.
ఇపు కావాలి.

హోకియాంగా వానలో, పెరటి రేకుల కింద
వేలాడుతున్నాయి మూడు సొరకాయలు.
ఒకటి మెడ దగ్గర మెత్తబడింది.
ఒకదాని సంగతి ఎలకలు చూసుకున్నాయి.
మిగిలినదాన్ని ఆవిడ
రోజూ పొద్దున వేలి కణుపుతో తడుతుంది,
ఎవరింటి తలుపో కొట్టినట్టు.
లోపల్నుంచి ఇంకా జవాబు లేదు.

"ఇపు అంటే ఏది?" అన్నాను.
మాటలు ఏరుకునే మనిషిని, జేబులో పుస్తకం.
ఆవిడ చెప్పలేదు, చూపించింది:
టీ గిన్నె. కుక్క నీళ్ళ పళ్ళెం.
గుమ్మం పక్కన చెత్తడబ్బా.
"హవాయిలో మా వదిన దాన్ని వాయిస్తుంది కూడా"
అని తొడ మీద రెండు దరువులేసి
ఏదో గుర్తొచ్చినట్టు ఆపేసి,
"సమోవా వాళ్ళకి కప్పు" అని ముగించింది.

చిన్న మాట. రెండు అచ్చులు.
మధ్యలో పెదవులు ఒక్కసారి
మూతపడి తెరుచుకోవడం.

మరి కాయ పేరు?
హుయె.

పక్కింటి టోంగా మనిషి సెమీసి
కంచె మీద మోచేతులానించి నవ్వాడు.
"మా దగ్గర ఫుయె అంటే కాయా లేదు, గీయా లేదు,
ఇసుక మీద పాకే తీగ.
ఊదా పూలు. కాళ్ళకు చుట్టుకుని పడేస్తుంది."

అప్పుడు నాకు తోచింది,
(తోచింది మాత్రమే, ప్రమాణం చేయను)
తూర్పుకు తెడ్లు వేసినవాళ్ళు
ఏదో ఒడ్డున ఎరగని కాయను చూసి
దానికి పేరు దొరక్క
దాని తీగ వైపు చూసి ఉంటారు.
పాకుతోంది గదా, మన ఫుయె లాగే.
పడవలో చోటు తక్కువ,
పాత మాటనే కొత్తదాని మెడలో వేశారు.
ఉప్పుగాలికి అరిగి ఫ కాస్తా హ అయింది.
తీగ అన్న అర్థం ఎండి
లోపలెక్కడో గింజలా గలగల.

నా భాషలో ఎండిన సొరకాయ బుర్ర.
తలకాయా బుర్రే.
ఆ సంగతి చెబితే హారియాటా
నా నెత్తిన వేలి కణుపుతో తట్టి
చెవి ఒగ్గి విన్నది.
"ఇదీ ఇంకా ఎండలేదు."

జూలై వాన. ఆగస్టు వాన.
తే పాయాకు విసుగెత్తింది.
"అమ్మమ్మా, ఐస్‌క్రీం డబ్బా కూడా ఇపూనేగా!
దాంతోనే పాతేద్దాం."

ముసలావిడ చాలాసేపు
చిలగడదుంపల చెక్కు తీసింది.
"మాటకు సరిపోతుంది" అంది చివరికి,
"మట్టికి సరిపోదు.
నీ మనవల మనవలు తవ్వినా
అది డబ్బాగానే ఉంటుంది.
కొన్నాళ్ళు పట్టుకుని
తర్వాత వదిలెయ్యాలి గదా పిల్లా."

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున
తడితే, గింజలు పలికాయి.

చిన్న రంపంతో మెడ కోశారు.
గొయ్యి సెమీసి తవ్వాడు, ఎవరూ అడక్కుండానే,
కావలసినదానికన్నా లోతుగా.
ముందు రాత్రంతా మంచు కరుగుతుంటే
పిల్లి రాకుండా
హారియాటా కుర్చీ వేసుకుని కూచుంది.
కడిగిన నీలం మూత డబ్బాలోకి
వచ్చే ఏటి విత్తనాలు చేరాయి.

బిడ్డ అప్పటికి పాకుతోంది.
చాప దాటి, గడ్డిలోకి,
చేతికందినదల్లా చుట్టేసుకుంటూ.
అందరూ ప్రార్థనకు కళ్ళు మూసుకున్న వేళ
రాలిన గింజ ఒకటి దొరికింది దానికి.

తే పాయా వేలు పెట్టి తీయబోయింది.
మూసిన నోరు
తెరవలేదు.