ఏడో గడి

మిర్యాలగూడ. వానాకాలం వడ్లు.
అద్దంకి రోడ్డు మీద లారీల తోక
ఎక్కడ ముగిసిందో ఎవరూ చూసి రాలె.
కాటా గదిలో ప్లాస్టిక్ కుర్చీ, నేను,
ఒళ్ళో ల్యాప్‌టాప్, దాని మీద ఊక దుమ్ము.

పన్నెండేండ్ల కింద ఇస్మాయిల్ సారు రాసిండు,
కాటా గేటుతో, గేటు ఖాతాతో మాట్లాడే తీరు.
నిలువు గీతల నడుమ తొమ్మిది గడులు.
ఏ గడిలో ఏముంటదో ఎక్కడా రాసిలేదు.
తేమ గడిలో మైనస్ ఒకటి వస్తే
మీటరు చెడింది, సైదులును అడగాలె అని అర్థం.
అది సైదులుకు ఎరుక. ఖాతాకు కాదు.
మైనస్ ఒక శాతం తేమకు
ఒక రైతుకు నాలుగు పైసలు ఎక్కువ పడ్డ సంగతి
నేను ఎవరికీ చెప్పలె.

కొత్తది అట్ల కాదు.
ముందు ఒప్పందం రాయాలె, ఒక్కటే ఫైలు:
ఇది అంకె, ఇది పేరు, ఇది రాకున్నా ఫర్వాలేదు.
దాన్ని పట్టుకొని
కాటా సీలో, గేటు పైథాన్‌లో, ఖాతా జావాలో
ఎవరి నోటితో వాళ్ళు అదే మాట అంటయి.
బయట దర్భంగా హమాలీ "ఉతారో" అనంగనే
దామరచర్ల లంబాడా డ్రైవరు డాలా దించినట్టు.

ఇంకోటి, గడువు.
పాతది జవాబు కోసం తెల్లారేదాక కూచునేది,
దాని వెనక లారీలు కూచునేవి.
కొత్తది రెండు సెకన్లు చూస్తది,
రాలేదా, రాలేదని చెప్పి లేస్తది.
అది కూడా ఒక జవాబేనని
నాకు ముప్పై నాలుగేండ్లకు తెలిసింది.

ఏడో గడి కాడ ఆగిపోయిన.
ఏ రికార్డు తీసినా ఖాళీ.
రాత్రి పదకొండుకు సారుకు ఫోన్ చేసిన.
"మట్టపల్లి నోటి లెక్కమ్మా అది.
ఒక్కో బస్తాకు ఒక్కో కేక.
మా తూకానికీ ఆయన కేకకూ
తేడా వస్తే తూకమే మళ్ళ చేసేటోళ్ళం.
ఆయన పోయినంక నింపెటోళ్ళు లేరు.
తీసేస్తే వెనకవి ముందుకు జరిగి
అన్నీ తారుమారైతయి. ఉండనీ అన్న."

కొత్తదాంట్ల తీసెయ్యొచ్చు, ఏదీ జరగదు.
కానీ ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వొద్దని
రాసిపెట్టాలె. రాసిన. రిజర్వ్‌డ్ ఏడు.
పక్కన రెండు గీతలు గీసి, మట్టపల్లి లెక్క, అని.
ఆ గీతల తర్వాతది మిషను చదవదు.

మూడింటికి పాతదాన్ని ఆపిన.
మొదటి లారీ కాటా ఎక్కింది.
గేటు తెరుచుకుంది.
సైదులు తెర దిక్కు చూసి, నా దిక్కు చూసి
"ఏం మారినట్టు లేదు గదా మేడం" అన్నడు.
"లేదు" అన్న.
రెండో లారీని పిలిచిండు.