పదిహేడో గడి

ఇనప చట్రం బురద మీద పరిచాను.
అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు.
ఇందులో బుడిత గుల్లలెన్నో రాయాలి,
ఉప్పెంతో, ఇసక పాలెంతో.

ధనకొండ చట్రం వంక చూడలేదు.
పిక్కల లోతు దిగబడి మడమతో వెతుకుతోంది.
"ఇక్కడ జారతంది, ఉండవు.
జల్లెట్లో మిగిలిన నూకలాగ
కాత్త గరుగ్గా తగలాల."
నా కాగితంలో ఆ మాటే మూడు అంకెల్లో ఉంది.

భైరవపాలెం వైపు నుంచి పోటు మొదలైంది.
చీలమండ మునిగేలోగా
బురదలో సన్నటి చీలికలు విచ్చుకున్నాయి.
"ఇదిగో, బువ్వేళ.
మడాకు కుళ్ళు, గోదారి ఒండ్రు, కంటికానని నాచు,
ఏదొత్తే అది పీలుత్తాయి,
పనికిరాంది ఉమ్మేత్తాయి.
మనకా తెలివేది?"

కత్తిమొనతో ఒకటి విప్పింది.
నత్తలాంటి ఒళ్ళు,
మనిషిలాంటి నెత్తురు.

రొయ్యల చెరువు తూము కింద ఆరు గడులూ సున్నా.
నోళ్ళు తెరిచిన చిప్పలు, మందు వాసన.
ఆమె అక్కడ ఆగలేదు.
నేను రాసుకున్నాను.

పదిహేడో గడిలో చెయ్యి పెడితే
శనగ గింజంత పిల్లలు, గుప్పెడు తరవాత గుప్పెడు.
నూట నలభై దగ్గర లెక్క వదిలేశాను.
ధనకొండ వాటిని తిరిగి బురదలోకి నెట్టి
పైన అరచేత్తో అలికింది.
"ఇది రాత్తే సున్నంబట్టీ పడవలొత్తాయి పాపా."

రేవులో కూలి రెండొందలిచ్చాను.
ఇంకో యాభై అంది.
ఇచ్చాను.

పెన్సిలు తడిసిందని ఆఫీసులో చెప్పాను.
మ్యాపులో ఆ గడి తెల్లగా అచ్చయింది.
కింద, చిన్న అక్షరాల్లో:
సమాచారం లేదు.