మైబు చేతికిచ్చిన చీటి

సిరిసిల్ల నుంచి వచ్చిన చుట్టాలారా,
టెంపో కదిలినంకనే ఇది చదవమని మైబుకు చెప్పిన.
లగ్గం రాత్రి పదకొండు ఇరవై రెండుకు.
అప్పటిదాక విడిదింట్ల ఫ్యాన్ల కింద
కుర్చీలు లెక్కవెట్టుకుంట ఏం కూసుంటరు?
నల్లగొండ చూడుండ్రి.
డీజిల్ నాది, మైబుకు చాయ్ మీది.

ముందుగాల పానగల్లు.
ఊరు దాటంగనే ఉదయసముద్రం కనవడ్తది.
పేరుకు సముద్రం, చూస్తె చెరువు,
ఎవరో రాజు ఆశ కొద్ది పెట్టుకున్న పేరు.
నవ్వుండ్రి గని మైబు ముంగట నవ్వకుండ్రి,
వాడు ఈత నేర్చింది అండ్లనే.

పొలాల పక్కపొంటి పోతె ఛాయా సోమేశ్వరుని గుడి.
లోపల లింగం మీద ఒక స్తంభం నీడ,
పొద్దు ఎటు తిరిగినా అది తిరగదు.
ఏ స్తంభానిదని అడగకుండ్రి.
నలభై ఏండ్ల కింద నేను ఒక్కొక్క స్తంభానికి
తువ్వాల చుట్టి చూసిన.
మూడో స్తంభం కాడ పూజారి తరిమిండు.
నీడ మాత్రం అట్లనే ఉండె.

మ్యూజియంల ముక్కులు విరిగిన బొమ్మలున్నయి.
మీ వెంకటరాజం బావ ప్రతి బొమ్మ పక్కన ఫోటో దిగుతడని విన్న,
గంట దాటితే విడిచిపెట్టి రాండ్రి.
బొమ్మల నడుములకు చుట్టిన బట్ట చూడుండ్రి.
రాయి మీద నేత అది.
అంచు ఏడ మొదలైందో, పోగు ఏడ తెగిందో
సాలోళ్లకు నేను చెప్పాల్నా.

పగటీలి గడియారం సెంటర్ల దిగి మిర్చి బజ్జీలు తినుండ్రి.
అన్నం జోలికి పోకుండ్రి,
బగారన్నానికి కడుపుల జాగ ఉంచుండ్రి.
నీళ్లు సీసావి తాగుండ్రి.
ఇప్పుడు కృష్ణ నీళ్లొస్తున్నయి, భయమేం లేదు.
అయినా చిన్నప్పుడు బోరింగు నీళ్లు తాగి పెరిగినోణ్ని,
నీళ్ల మాటొస్తె నా నోరు ఆగదు.
ఎదుర్కోళ్లల నన్ను చూస్తరు:
మెడ తిరగనోడు, వంగి నడిచేటోడు, పిల్ల మేనమామ.
దండం పెడ్తున్ననుకునేరు.
పెడ్త గని, అది వేరే.
ఇది నా నడుము తీరు.

అందుకే లతీఫ్ సాబ్ గుట్ట సంగతి నాకు చెప్పరాదు.
ఎన్ని మెట్లో, పైన గాలి ఎట్లుంటదో
విన్నదే గని కన్నది లేదు.
మైబు అంటడు,
మామా, ఆడికెల్లి మీ ఇల్లు అగ్గిపెట్టె,
వాకిట్ల నువ్వు అగ్గిపుల్ల.
వంగిన పుల్లరా అంటె
వాడు నవ్వలేదు, చాయ్ గిలాస పక్కకు పెట్టిండు.
ఎక్కగలిగినోళ్లు ఎక్కుండ్రి.
నాలుగింటికి ఎర్ర తువ్వాల భుజం మీదేసుకొని
వాకిట్ల నిలబడ్త.
చెయ్యి ఊపుండ్రి.
తల ఎత్తలేను గద,
ఊపిన్రనే అనుకుంట.

ఇంకొక్క మాట.
మా భార్గవి ఈ ఊర్లనే పుట్టింది.
ట్యూషన్లు, బ్యాంకు పరీక్షలు, సదువు మీద సదువు,
ఇరవై ఆరేండ్లల ఆ నీడను చూడనే లేదంట.
రాత్రి ఐరేని కుండల కాడ కూసొని నాకు చెప్పింది,
చెప్పి ఊకోలేదు.
మైలపోలు తీసినంక పిల్లను గడప దాటనియ్యరు మా ఆడోళ్లు.
వాళ్లదీ తప్పు కాదు.
మా అక్క అయితే నన్ను చీల్చి ఆరేస్తది.

మీ టెంపోల ఆఖరి సీట్ల
కొంగు ముఖం మీదికి గుంజుకొని ఒక పిల్ల కూసున్నదా,
లెక్కల ఎక్కువొచ్చిందని అడగకుండ్రి.
రేపటికెల్లి మీ పిల్లనే గద.
పిల్లగాడు గినుక ఎక్కి ఉంటె
ఈడ్నే దించి ఆటోల పంపుండ్రి.
గుట్ట కూడా ఎక్కియ్యుండ్రి ఆమెను, మెల్లగ.
ఆరింటికల్లా వెనక గల్లీల ఆపుండ్రి,
తలుపు నేను తీస్త.

సీటుకు పసుపు అంటుతది.
మైబుకు చెప్పిన.