మూడో వంతు

మనవరాలు చిహోకి లిఫ్టంటే ఇష్టం.
"తాతా, నాలుగు నువ్వు నొక్కు" అంటుంది.
నేను సంచీలు రెండు చేతుల్లోకీ సర్దుకుంటాను.
చేతులు ఖాళీ లేవమ్మా, నువ్వే నొక్కు.
ఒంటరిగా ఉంటే మెట్లెక్కుతాను.
మోకాళ్లకు మంచిదని డాక్టరన్నాడని కోడలికి చెప్పాను.
ఏ డాక్టరూ అనలేదు.

సెందాయ్‌లో ఆ ఫిబ్రవరి ఉదయం
మంచు పడి ఆగింది.
గోడకి మూడు మీటలు. వాటి ముందు
హతకేద, నిషియోరి, నేను.
ఒక్కదాని తీగే కింది తలుపుదాకా పోతుంది.
ఏదో మాకు తెలియనివ్వరు.
అది మా మీద దయ అన్నారు.

దయే. కాదనను.

అంతకు ముందు పదకొండేళ్లు
ఆ వరండాలో నడిచిన బూట్లు నావి.
ఏడున్నరకి బయల్దేరితే
గది గదిలోనూ ఊపిరి బిగబట్టిన చప్పుడు.
బిగబడితే చప్పుడేమిటంటారా,
ఉంటుంది. నేను విన్నాను.
దాటిపోయాక వెనక ఎవడో దగ్గుతాడు,
ఇంకొకడు కుళాయి తిప్పుతాడు.
ఇవాళ్టికి గట్టెక్కారు.
తారీఖు ముందు చెప్పరు. చెబితే తట్టుకోలేరని.
అదీ దయే.

ఒకసారి బూటు లేసు ఊడింది.
ఇసురుగి గది ముందు వంగి కట్టుకున్నాను.
లేచి చూస్తే
అతను దుప్పటి మడత పెట్టేసి
చొక్కా పై గుండీ పెట్టుకుంటున్నాడు.
"లేసు" అన్నాను.
నవ్వబోయాడు. పళ్లు టకటక కొట్టుకున్నాయి.

ఇద్దర్ని చంపాడతను. సారా కొట్టు ముసలాయన్నీ, ఆయన భార్యనీ.
అది మరిచిపోయి మాట్లాడటం లేదు.
వాళ్ల కూతురు ఏటా ఉత్తరం రాసేది, ఇంకెన్నాళ్లని.
ఆమెకీ ఉదయాలుంటాయి.
ఆమెకి చెప్పగలిగిన మాట నా దగ్గర లేదు.

క్రూరమైన శిక్ష కూడదని రాజ్యాంగంలోనే ఉంది.
ఉరి క్రూరం కాదని పెద్ద కోర్టు ఎప్పుడో తేల్చేసింది.
తాడునే చూసి ఉంటారు.
నాలుగు వేల ఉదయాల్ని ఎవరైనా తూచారా?
నేను లేసు కట్టుకున్నంత సేపుని?

సైగ వచ్చింది. మూడు చేతులు ఒక్కసారే.
నా మీట మెత్తగా దిగింది.
వాళ్లవీ అంతే మెత్తగా దిగాయట.
ఆ సాయంత్రం నిషియోరి తాగి లెక్క తేల్చాడు:
తలా మూడో వంతు, అంతేగా.
ఆ భాగారం తెగదని బళ్లోనే చెప్పారు నాకు.
సున్నా పాయింటు మూడు, మూడు, మూడు,
కాగితం అంచు దాకా మూడు.

భాగానికి రానిది ఒకటుంది.
హతకేదకి తెలీదు, నా భార్య బతికుండగా ఆమెకీ చెప్పలేదు.

బూట్లు నిజంగా ఆగిన ఆ పొద్దున
అతను కమలాపండు ఒలుస్తున్నాడు.
తొక్క తెగకుండా ఒకే చుట్టగా వస్తోంది.
తలెత్తి నన్ను చూశాడు. ఈసారి నా లేసు వంక చూడలేదు.
"ఇది తినేసి రావచ్చా?" అన్నాడు.
వాచీ చూశాను.
ఆరు నిమిషాలున్నాయి.

లేదన్నాను.