డెబ్భై నాలుగో పేజీ

పెరంబూరులో మా మేడమీది గది.
శనివారం రాత్రి తొమ్మిదిన్నర.
లోకో వర్క్స్ వైపు ఏదో ఖాళీ పెట్టెల బండి
పట్టాలు మారుతున్న చప్పుడు.
బల్ల మీద గళ్ల కాగితం, మురుకుల పొట్లం,
గోబ్లిన్ల బదులు సోడా మూతలు.
కోట గుమ్మంలో నిలబడ్డ రాక్షసుడు మాత్రం
వసుప్రద కొడుకు రబ్బరు డైనోసారు.

వంతు షైజుది.
వాడి మరుగుజ్జు వీరుడికి
ఎడమ ముంజేతికి తోలుపట్టీలతో డాలు,
కుడిచేతిలో గండ్రగొడ్డలి.
"రెండు చేతులా ఎత్తి కొడుతున్నా" అన్నాడు.
పాచిక అప్పటికే గుప్పిట్లో ఊగుతోంది.

"ఆగు" అంది ఎళిలరసి.
పుస్తకం తిప్పింది. డెబ్భై నాలుగో పేజీ,
జిరాక్సులో అంచు తెగినది.
*గండ్రగొడ్డలికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.*
అంతే. రాసినవాడు
చుక్క పెట్టి టీకి వెళ్లిపోయుంటాడు.

డాలు ముంజేతికి కదా, వేళ్లు ఖాళీయేగా అని షైజు.
బరువు మోస్తున్న చెయ్యి ఖాళీ ఎట్లా అవుతుందని ఎళిలరసి.
ఇంగ్లీషులో మణికట్టు దాకా ఒక మాట,
భుజం దాకా ఇంకో మాట.
మనకి గోటి కొస నుంచి భుజం దాకా
ఒకటే చెయ్యి, అంది వసుప్రద.
తమిళంలోనూ అంతే.
మలయాళంలోనూ అని షైజు ఒప్పుకున్నాడు,
తనకే నష్టమని తెలిసేలోపు.

బిందె చంకనెత్తుకున్న మనిషి తలుపు గడియ తియ్యదా?
గడియ తియ్యడం వేరు, గొడ్డలెత్తడం వేరు.
వసుప్రద లేచి వంటింట్లోకి పోయి
స్టీలు పళ్లేన్ని చున్నీతో ముంజేతికి బిగించుకుని
అట్లకాడ రెండు చేతులా పట్టి
గాలిలో రెండు వేట్లు వేసింది.
ట్యూబులైటు తప్పించుకుంది.
ఏమీ తేలలేదు.

"నువ్వు చెప్పు" అన్నారు నావైపు తిరిగి.
ఆట నడిపేవాణ్ణి. పుస్తకం మాట్లాడని చోట
నా మాటే పుస్తకం.

నేను ఆ పేజీ వైపే చూస్తున్నాను.
చదువుతున్నది ఇంకోటి.

మంగళవారం. మౌంట్ రోడ్డు ఆఫీసు, మూడో అంతస్తు.
అంబత్తూరు ప్రెస్సు షాపు నుంచి వచ్చిన కాగితాలు.
చెంగల్రాయులు, నలభై ఒకటి, నగరి దగ్గరి మనిషి.
కుడిచేతికి బొటనవేలు మిగిలింది.
పాలసీలో చెయ్యి పోవడమంటే
మణికట్టు దగ్గరో, ఆ పైనో తెగడం.
మణికట్టు ఉంది.
ఫొటోలో స్పష్టంగా ఉంది,
దానికి కట్టిన ఎర్రదారంతో సహా.
చెయ్యి పోలేదు అని రాశాను.
వేళ్లకు విడిగా పట్టిక ఉంది, శాతాల్లో.
అది పైసలతో సహా లెక్కగట్టి ఇప్పించాను.
తప్పేం చెయ్యలేదు.
పదకొండు నిమిషాలు పట్టింది, అంతే.
ఆ వాక్యం దగ్గర ఎవరూ "ఆగు" అనలేదు.
ఎవరూ పళ్లెం కట్టుకుని చూడలేదు.

"ఏమంటావ్? నిద్రా?"

"కొట్టు" అన్నాను.
నా గొంతు అవసరానికి మించి లేచింది.
"వేళ్లు ఖాళీగా ఉంటే చాలు."

ఎళిలరసి వాదించలేదు. పెన్సిలు ఇచ్చింది.
"రాసి పెట్టు మరి.
రేపు గోబ్లిన్లు డాలు కట్టుకొస్తే
వాటికీ ఇదే."
న్యాయమే.
తెగిన అంచు పక్కన, మిగిలినంత చోటులో,
రాశాను:
చెయ్యి అంటే వేళ్లు.
రాశాక ఆ మూడు మాటలూ
కాసేపు ఎవరికీ చూపించబుద్ధి కాలేదు.

షైజు పాచిక ఊది విసిరాడు.
ఇరవై ముఖాల్లోంచి
వెతికి వెతికి మూడు పడింది.
గొడ్డలి రాక్షసుణ్ణి తప్పి గుమ్మం చెక్కలో దిగబడింది.

దాన్ని పీకాలంటే ఎన్ని చేతులు కావాలో అని
ఎళిలరసి అప్పుడే
మళ్లీ పేజీలు తిప్పుతోంది.